తోక కోసిన వార్త

"అత్తా, సోమవారం నుంచి ఉద్యోగంలో చేరాలి. రాజమండ్రిలో, టీవీ ఆఫీసులో. హైదరాబాదు నుంచి అరగంట వార్తలొస్తాయి. వాటిని మన జిల్లాల కోసం పది నిమిషాలకి కుదించాలి. అదే నా పని."

ఏంటీ? కుదించడమా? ఉండు, టీవీలో వార్తల గొంతు తగ్గించి, ఆ కుళాయి కట్టేసి రా. ఆ చప్పుడుకి నాకు ఒక్క ముక్క వినపడి చావట్లేదు. ఆ, ఇప్పుడు చెప్పు. అరగంటవి పది నిమిషాలు చేస్తావా? నీ ఇల్లు బంగారం కానూ, దానికి జీతం కూడా ఇస్తారంటే! సరేలే, సంతోషం. సంతోషం కాకపోతే ఏంటి, మన పేట నుంచి ఒక ఆడపిల్ల ఆఫీసుకెళ్ళి ఫ్యాను కింద కుర్చీలో కూర్చోడమంటే మాటలా? మేమందరం తట్టలు మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడిపోయినోళ్ళమే. మీ అమ్మ ఉంటే ఈపాటికి వీధంతా తిరిగి చెప్పొచ్చేది.

అది సరే గానీ దుర్గా, ఏం కోస్తావు అందులో? ముందు కోస్తావా, వెనక కోస్తావా? నవ్వకు. నేను ఎగతాళికి అడగట్లేదు, అడిగిందానికి చెప్పు. ఊఁ. "చివర్లో ఉండేది అంత ముఖ్యం కాదత్తా" అంటావా. బుజ్జి కూడా అచ్చం ఇదే మాటన్నాడే తల్లీ. నువ్వు అన్నట్టే, చెయ్యి ఇలా ఊపుతూ అన్నాడు.

ఆ ఫోను ఎందుకలా నా మొహం దగ్గర పెట్టేవు? రికార్డా? పెట్టుకో. నాకేం భయం. నీకు ఎప్పటికైనా చెప్పాల్సిందే. మీ అమ్మ బతికుండగా చెప్పడానికి లేకపోయింది. ఆ మాటెత్తితే ఆవిడ అన్నం ముద్ద వదిలేసి లేచిపోయేది. ఇప్పుడు నువ్వే ఆ పనిలోకి వెళ్తానంటుంటే ఇంక నోరు మూసుకుని కూర్చోలేను.

ఏ బుజ్జంటావేంటి? కేబుల్ బుజ్జి. నీకు తెలీదులే, అప్పటికి నువ్వు చంకలో పిల్లవి. పిఠాపురంలో బస్టాండు వెనక వాళ్ళ మేడ. ఆ మేడ మీద పెద్ద గొడుగొకటి ఆకాశం కేసి తిరగేసి పెట్టి ఉండేది, డిష్షు. అక్కణ్ణించి వైరు స్తంభాల మీదుగా మన పేట దాకా లాగేరు. పేట మొత్తానికి టీవీలెన్ని ఉంటాయి, వేళ్ళ మీద లెక్క. మన వరసలో అయితే బోటు వలలు కుట్టే నాగయ్య ఇంట్లోనే. సాయంత్రమయితే వీధి వీధంతా వాళ్ళ అరుగు మీదే.

నేనేమో అప్పుడు తట్ట నెత్తినెట్టుకుని పిఠాపురం వీధులన్నీ తిరిగేదాన్ని. వంజరం చేప కిలో నలభై అంటే "అమ్మో, బంగారమా" అని తలుపులేసేసుకునే రోజులు. బుజ్జి వాళ్ళమ్మ మాత్రం బేరమాడకుండా కొనేది, మహాతల్లి. రోజూ వాళ్ళింటికి వెళ్ళాల్సిందే, మెట్ల కింద కూర్చుని చేపలు కోసి ఇవ్వాల్సిందే. అక్కడే వీడి గది. తలుపు తీసే ఉండేది. అందుకే ఆ వార్తల సంగతి నాకంత బాగా తెల్సు.

ఎలా చేసేవాడంటే... అప్పట్లో ఇప్పట్లాగా పొద్దస్తమానం వార్తలు లేవు గదా. కాకినాడ కేబులోళ్ళు సొంతంగా వార్తలు చదివించేవోరు. ఒకమ్మాయి పట్టుచీర కట్టుకుని, పూలెట్టుకుని కూర్చుని అరగంట చదివేది. ముందు ఆ అమ్మాయి మొహం, తరవాత బొమ్మలు. పట్నమోళ్ళు పొద్దున్నే ఆ అరగంటా చూసేవోరు. అదే క్యాసెట్టు మధ్యాహ్నం బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపిస్తే, వీడు బస్టాండుకెళ్ళి అందుకునేవాడు. మన వైపు సాయంత్రం వేసేవాడు. కానీ మనకి అరగంట ఎక్కడిది? మధ్యలో పట్టుచీరల కొట్టు ప్రకటన, కళ్ళజోళ్ళ కొట్టు ప్రకటన, ఆ వెంటనే సినిమా. సినిమా కాస్త ఆలస్యమైతే జనం కేబులు పీకేస్తామని మేడ మీదకొచ్చేవోరు. అందుకని రెండు మిషన్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎక్కించేవాడు. ఆ అమ్మాయి మొదటి మాట చెప్పగానే టక్కున నొక్కి ఆపేవాడు. మిగతాది గిర్రున ముందుకి తిప్పేసేవాడు. తిరుగుతున్నప్పుడు మాట వినపడదు, బొమ్మ కూడా గీతలు గీతలుగా కనపడుద్ది. మళ్ళీ ఆ అమ్మాయి మొహం రాగానే ఇంకో వార్త.

నేనొకసారి అడిగేను కూడాను, "ఏరా బుజ్జీ, అంతంత పారేస్తున్నావేంట్రా?" అని. "తోకే గదా అక్కా. ముఖ్యమైందంతా ముందే చెప్పేస్తారు. తోకలో ఏముంటుంది, అధికారులు చర్యలు తీసుకుంటున్నారు, అంతేగా" అన్నాడు. నిజమే కాబోసనుకున్నాను. నేనప్పుడు కత్తిపీట మీద చేప తోక తరిగి పిల్లికేస్తున్నాను. నాకేం తప్పనిపిస్తుంది చెప్పు?

మీ నాన్న... ఉండు, మంచినీళ్ళియ్యి.

మీ నాన్న సింహాద్రి నాకంటే బాగా చిన్నోడు. నేనే ఎత్తుకుని పెంచేను. మన పేటలో చాలామంది తెప్పల మీద వెళ్ళేవోరు గానీ వాడు కాకినాడ హార్బర్లో మరబోటు ఎక్కేడు. గంగాభవాని, ఆ బోటు పేరు. డ్రైవరు అప్పారావని, కాకినాడ జగన్నాథపురం మనిషి, చాలా మంచోడు. మిగతా కళాసీలంతా కాకినాడోళ్ళే. మన వైపు నుంచి మీ నాన్న ఒక్కడే. కుడి చేతి మీద మీ అమ్మ పేరు పచ్చబొట్టేయించుకున్నాడు, మాణిక్యం అని. పెళ్ళయిన కొత్తలో తీర్థానికెళ్ళి వేయించుకొచ్చేడు. మీ మామ్మ చూసి, "కన్నతల్లి పేరు రాయించుకోడానికి చెయ్యి చాల్లేదట్రా?" అని రెండు రోజులు అన్నం పెట్టలేదు. మీ మామ్మ సంగతి తెల్సుగా. తెలీదులే పాపం, నీకు ఊహ వచ్చేసరికే పోయింది.

ఆ ఏడొచ్చిన తుపాను మన దగ్గర తీరం దాటలేదు. ఒరిస్సా వైపు తిరిగిపోయింది. మనకి గాలీ వానా, సముద్రం రోడ్డు మీదకొచ్చి కొట్టడం, అంతే. రోడ్డేంటి, మనమప్పుడున్న ఆ ఇల్లే ఇప్పుడు సముద్రంలో ఉంది. ఆ వీధంతా కోసేసింది కదా. అదో గోల. కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. హార్బరు నుంచి వెళ్ళిన బోట్లు కొన్ని వెనక్కొచ్చేయి. గంగాభవాని రాలేదు. మీ మావయ్య రోజూ వెళ్ళి అడిగొచ్చేవాడు, అప్పటికి ఏమీ తెలీలేదు. మీ అమ్మ నీకు పాలిస్తూ గుమ్మంలోనే కూర్చునేది. ఏడవలేదు. "వచ్చేస్తాడు వదినా, ఆయనకి ఈతొచ్చు" అనేది. ఆ సముద్రంలో ఈతేంటే పిచ్చిదానా అని నోటిదాకా వచ్చేది నాకు, అనలేక ఊరుకునేదాన్ని.

ఇలా ఉండగా ఒక సాయంత్రం నాగయ్య అరుగు మీద అందరం వార్తలు చూస్తున్నాం. ఆ పట్టుచీర అమ్మాయి వచ్చింది. చక్కగా చదివింది, నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "గాలివానలో తప్పిపోయిన గంగాభవాని బోటు ఒరిస్సా సరిహద్దులో తీరానికి చేరింది." అంతే. వెంటనే పట్టుచీరల కొట్టు ప్రకటన.

ఇంక చూడు! నాగయ్య అరుగు మీంచి దూకేడు. ఆడోళ్ళు ఈలలేసేరే, ఆడోళ్ళు! మీ మామ్మ అయితే ఆ టీవీకి దణ్ణం పెట్టి, అరుగు మీదే కొంగు పరిచి బోర్లా పడిపోయింది. మీ అమ్మ నిన్ను నా చేతుల్లో పడేసి గుడికి పరుగెత్తింది. కాళ్ళకి చెప్పుల్లేవు, నెత్తి మీద కొంగు లేదు. అప్పుడు ఏడిచిందే అమ్మా, అన్ని రోజులదీ కలిపి ఏడిచింది. నాకు నీ బుగ్గలు కొరికేయాలన్నంత సంతోషం. మీ నాన్నొస్తున్నాడే, మీ నాన్నొస్తున్నాడే అని నిన్ను ఎగరేశాను. నువ్వు కక్కేశావు నా మీద.

మన పేటలో ఒక పద్ధతుండేది, ఇప్పుడెవరూ పాటించట్లేదులే. సముద్రం మీద తప్పిపోయినోడు బతికున్నాడని కబురొస్తే, ఇంటోళ్ళు ఎర్రనీళ్ళు కలిపి పళ్ళెంలో పోసి వాకిట్లో పెట్టాలి. పసుపూ సున్నమూ కలిపినవి, దిష్టి తీసే నీళ్ళు. మనిషొచ్చి గడప బయట నిలబడి దిష్టి తీయించుకునేదాకా ఆ పళ్ళెం ఎండకూడదు, పొద్దున్నే కొత్తగా కలపాలి. ఒకసారి కలిపేక, ఆ ఇంటోళ్ళెవరూ ఆస్పత్రి మెట్లెక్కకూడదు. చచ్చిపోయినోళ్ళలో వెతక్కూడదు. హార్బరుకెళ్ళి, బతికున్నాడా పోయాడా అని నోటితో అడక్కూడదు. అడిగితే, ఇంటి దారి పట్టినోణ్ణి మళ్ళీ సముద్రంలోకి నెట్టినట్టేనని మా పెద్దోళ్ళ నమ్మకం. మీ మామ్మ ఆ రోజే, దీపాలు పెట్టే వేళకే కలిపేసింది.

మర్నాడు పొద్దున్న మీ మావయ్య చొక్కా వేసుకుని, "ఎందుకైనా మంచిది, కాకినాడెళ్ళి అప్పారావు ఇంటి దగ్గర కనుక్కుని వస్తాను" అన్నాడు. మీ మామ్మ చీపురు తీసింది. నిజంగానే. "నా కొడుకు వస్తుంటే శకునం చెడగొడతావా, నువ్వు అల్లుడివా శత్రువువా!" అని. వీధిలో ముసలోళ్ళంతా ఆవిడ వైపే. ఆయన నోరెత్తని మనిషి, నీకు తెల్సుగదా. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి వలలు సర్దుకోడానికి వెళ్ళిపోయేడు.

మీ అమ్మ తలంటు పోసుకుంది. పెళ్ళి చీర కట్టింది, చేతినిండా గాజులేసుకుంది, నీకు కాటుక పెట్టి బుగ్గన చుక్క పెట్టింది. ఇంక బస్సు ఆగే చోటికి వెళ్ళి నిలబడింది. కాకినాడ నుంచి వచ్చే ప్రతి బస్సుకీ నిన్ను చంకనేసుకుని ఎదురెళ్ళేది. అందరూ దిగిపోయేక కూడా లోపలికి తొంగి చూసేది. "వెనక సీట్లో నిద్రపోయాడేమో అన్నా, ఓసారి చూడవా" అని కండక్టర్నడిగేది. "తర్వాత బస్సుకొస్తాడులేమ్మా" అని వాళ్ళూ సరదాగానే అనేవోరు. ఆ రోజంతా అయిపోయింది. ఆ మర్నాడూ అంతే. మల్లెపూలు వాడిపోతే మళ్ళీ కొత్తవి కట్టుకుని వెళ్ళింది. "ఒరిస్సా అంటే దూరం గదా వదినా. పోలీసోళ్ళు కాగితాలవీ రాసుకుని గానీ వదలరు" అని నాకే సర్దిచెప్పేది. వండిన చేపల పులుసు మూతపెట్టి ఉంచేది, ఎవర్నీ వేలు పెట్టనిచ్చేది కాదు.

ఆ తర్వాత రోజు మధ్యాహ్నం అప్పారావు తమ్ముడొచ్చేడు. డ్రైవరు అప్పారావు తమ్ముడు. సైకిలు గోడకి ఆనించి వాకిట్లోకి వచ్చేడు. ఎర్రనీళ్ళ పళ్ళెం చూసేడు. ఇంక అక్కణ్ణించి కదల్లేదే. పళ్ళెం కేసి చూస్తాడు, నా కేసి చూస్తాడు. మీ అమ్మ నవ్వుకుంటూ, "రా అన్నయ్యా, ఆయన నీతోపాటే వచ్చేడా? బస్సు దగ్గర ఆగేడా?" అంటోంది. వాడు నా చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కెళ్ళేడు.

"సత్తెక్కా, అన్నయ్య పదో రోజు కర్మకి చెబ్దామని వచ్చేను. మీరెందుకు రాలేదక్కా అసలు?" అన్నాడు.

ఎక్కడికిరా రావడం అన్నాను నేను.

"టీవీలో చెప్పేరు గదక్కా. బోటు బోల్తా పడి ఒడ్డుకి కొట్టుకొచ్చింది, అందరూ పోయారు, శవాలు ఆస్పత్రిలో ఉన్నాయి, బంధువులు రేపు సాయంత్రంలోగా వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్ళాలి, లేకపోతే అక్కడే పూడ్చేస్తారు అని. ఆస్పత్రి ఏ ఊళ్ళోదో కూడా చెప్పేరు. కాకినాడోళ్ళం అందరం ఆ పొద్దున్నే వ్యాన్లు కట్టుకుని వెళ్ళేం. మీరూ దార్లో ఉంటారనుకున్నాం."

నేనక్కడే బురదలో కూలబడ్డాను. వాడు నా ఎదురుగా గొంతుక్కూర్చుని ఏడుస్తూ చెప్పేడు. "సింహాద్రిని నేనే చూసేనక్కా, చేతి మీద మాణిక్యం పేరుంది. పోలీసోళ్ళకి నేనే చెప్పేను, వీడిది మా పక్క ఊరే, వాళ్ళోళ్ళు వస్తున్నారు, కాస్త ఆగండి బాబూ అని. చీకటి పడేదాకా ఆపించేను. మా వ్యానులో చోటుందక్కా. తెచ్చేసేవోణ్ణి. మీరు అంత దూరం వచ్చేసరికి మనిషి లేకపోతే ఎలా, తల్లి రాకుండా ఎవరో తీసుకెళ్ళడమేంటి అని వదిలేసొచ్చేను" అన్నాడు.

వాడి తప్పేముంది చెప్పు? మనవాళ్ళ శవాన్ని మనం రాకుండా ముట్టుకోకూడదనుకున్నాడు, మర్యాద. వాడు చూసిన వార్తే మేమూ చూసేం అనుకున్నాడు. మేమేమో ఇక్కడ గాజులేసుకుని బస్సులకి ఎదురెళ్తున్నాం.

నేనూ మీ మావయ్యా ఆ సాయంత్రం రైలుకే బయల్దేరేం. మీ అమ్మకి చెప్పలేదు, ఏం చెప్పి వెళ్ళామో కూడా ఇప్పుడు గుర్తులేదు. అక్కడికెళ్తే ఆస్పత్రి దగ్గర పోలీసాయనొకడు, తెలుగోడే, ముసలాయన. "ఎంత పని చేశారమ్మా! టీవీలో కూడా చెప్పించాం గదా. మీరొస్తారని ఆ కుర్రాడు బతిమాలితే గడువు దాటాక కూడా ఆపేం. వాసనొచ్చేస్తుంటే ఎంతసేపని ఆపగలం?" అన్నాడు. తిట్టలేదు, బాధతోనే అన్నాడు. ఆయనే తీసుకెళ్ళి చూపించేడు. ఊరి బయట సరుగుడు తోట. ఇసకలో పొడుగ్గా తవ్వి పూడ్చేరు. పైన తెల్లగా సున్నం జల్లి ఉంది. వేరే బోట్ల తాలూకు దిక్కులేనోళ్ళతో కలిపి. తవ్వి తీయండి బాబూ అని మీ మావయ్య ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. అందులో మీవాడెవడో ఇప్పుడు నేను చెప్పలేనమ్మా అన్నాడాయన. ఆ ఇసక మీద ఎక్కడ ఏడవాలో కూడా తెలీలేదే నాకు. ఈ కొసన కాసేపు కూర్చుని, ఆ కొసన కాసేపు కూర్చుని వచ్చేసేం. పెంచిన చేతులివి. ఒక గుప్పెడు మట్టి ఎక్కడ వెయ్యాలో తెలీక అంతటా వేసుకుంటూ నడిచేను.

తిరిగొచ్చేక పిఠాపురంలో దిగి తిన్నగా బుజ్జి దగ్గరికెళ్ళేను. మీ మావయ్య కర్ర తీసుకున్నాడు గానీ నేనే బస్టాండులో కూర్చోబెట్టేసేను ఆయన్ని. వీడు మిషన్ల ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వుతూ లేచేడు. "అక్కా, తమ్ముడొచ్చేడా? ఆ వార్త చూడగానే మీరే గుర్తొచ్చేరు. మనవాళ్ళకి శుభవార్త గదా, దాంతోనే ఆపేద్దామని వెంటనే ప్రకటన వేసేసేను" అన్నాడు.

విన్నావా? వాడు మంచి చేద్దామనుకున్నాడు. ఒడ్డుకి చేరిందన్న మాట వినగానే సంతోషపడిపోయి, టక్కున నొక్కేసి, తోక గిర్రున తిప్పేసేడు. ఆ గీతల్లోనే ఉందిగా మీ నాన్నకి మనం వెయ్యాల్సిన మట్టి. నేను కొట్టలేదు, తిట్టలేదు. జరిగింది చెప్పేను. "తోకే గదక్కా..." అని మొదలెట్టి ఆపేసేడు. వాళ్ళమ్మ లోపల్నుంచి వచ్చి వాణ్ణి నా ముందే కొట్టింది, పెళ్ళీడొచ్చిన కొడుకుని. ఆ తర్వాత వాడు మళ్ళీ వార్తలు వెయ్యలేదు. సినిమాలూ భక్తి పాటలూ అంతే.

మీ అమ్మకి నేనే చెప్పేను. ఇంకెవరు చెబుతారు? ఆవిడ పెరట్లో ఆ రోజు ఎర్రనీళ్ళు కలుపుతోంది. అంతా విని, "ఎవరు చూసేరు?" అంది. అప్పారావు తమ్ముడు చూసేడన్నాను. "నువ్వు చూసేవా? అన్నయ్య చూసేడా?" అంది. లేదన్నాను. ఏం చెప్పను, చూడలేదు గదా! "మరి నేనెందుకు తియ్యాలి వదినా బొట్టు?" అని, పళ్ళెం తీసుకెళ్ళి వాకిట్లో పెట్టేసింది. మీ మామ్మ ఆ పళ్ళెం కేసి చూసి చూసి, మంచమెక్కింది. మళ్ళీ దిగలేదు. తనే ఆ రోజు అల్లుణ్ణి వెళ్ళనివ్వలేదని, దాన్నే తల్చుకుంటూ పోయింది.

బుజ్జి నెలనెలా కేబులు డబ్బులకి పేటకొస్తే, మీ అమ్మ ఎదురెళ్ళి ఒకటే అడిగేది. "తమ్ముడూ, ఆ తర్వాత ఏం చెప్పిందిరా ఆ అమ్మాయి?" అని. కోపంగా కాదు, మామూలుగానే. వాడికేం తెల్సు, వాడు వినలేదు గదా. రెండు మూడు నెలలు తలొంచుకుని నిలబడ్డాడు. తర్వాత ఇంకో మనిషిని పంపించేవాడు.

మన ఇంట్లోకి టీవీ వచ్చేక గుర్తుందా నీకు? వార్తలొస్తుంటే నిన్ను ఛానలు మార్చనిచ్చేది కాదు. నువ్వు బొమ్మల సినిమా పెట్టమని కాళ్ళు కొట్టుకుని ఏడ్చేదానివి. ఒకసారి వీపు మీద వాతలు తేలేలా కొట్టింది కూడాను. మా అమ్మకి వార్తల పిచ్చి అని నీ స్నేహితులతో చెప్పుకుని నవ్వేదానివి, నేను విన్నాను. వాతావరణం అయిపోయి, చదివేవోళ్ళు దణ్ణం పెట్టి కాగితాలు సర్దుకునేదాకా ఆవిడ కళ్ళు తిప్పేది కాదు. ఏ పిచ్చో ఇప్పుడు తెలిసిందా?

నువ్వు ఏడవకు. అబ్బ, ఊరుకోవే, నేను ఏడవకుండా చెబుతుంటే నువ్వేంటి. పోయినేడు మీ అమ్మ పోయినప్పుడు స్నానం పోయించేక పెద్దోళ్ళంతా గొడవపడ్డారు కదా, గుర్తుందా? ముత్తయిదువలా సాగనంపాలా, వద్దా అని. నువ్వు గోడకి ఆనుకుని కూర్చున్నావు. మొగుడు పోయినదానికి పసుపేంటని ఒకళ్ళు. నాకు మండింది. ఎవడు పూడ్చేడో మొగుణ్ణి వాణ్ణి రమ్మనండి, గుర్తుపట్టిన పెళ్ళాం ఎవరో చెప్పమనండి అని అరిచేను. నేనే రాసేను పసుపు, నేనే పెట్టేను బొట్టు, రూపాయి కాసంత. నాకు తెలీకనా? ఆ సరుగుడు తోట చూసొచ్చినదాన్ని నేనే గదా. అయినా ఆవిడ బతికినన్నాళ్ళూ ఒప్పుకోని మాట, పోయేక నేను ఒప్పించడమెందుకు అనుకున్నాను.

వద్దనట్లేదే ఉద్యోగం. నేనెందుకంటాను? వెళ్ళు. నీ పొట్ట నువ్వు పోసుకోవాలి గదా. కోయమన్నది కొయ్యి. మంత్రిగారు రిబ్బను కత్తిరించింది కొయ్యి, ఆ సినిమావోళ్ళవి కొయ్యి, నీకు నచ్చినట్టు కొయ్యి. కానీ దేన్నైనా తిప్పేసే ముందు చెవి పెట్టి విను. ఎక్కడో ఎవరో ఎవర్నో రమ్మంటుంటారు. ఫలానా చోటికి, ఫలానా వేళలోగా రండి అంటారు. దాన్ని మాత్రం ఉంచు. పైనున్నోళ్ళు తిడితే తిట్టించుకో. ఆ చివరి మాట వినాల్సినోళ్ళు మనలాంటోళ్ళే, ఏ నాగయ్య అరుగు మీదో కూర్చుని ఉంటారు.

ఇలా రా. తల వంచు, నా చెయ్యి అందట్లేదు. చల్లగా ఉండు నా తల్లి. నిండు నూరేళ్ళూ బతుకు. మీ నాన్న చెయ్యి నెత్తిన పడాల్సిన పిల్లవి, ఈ ముసలి చెయ్యే దొరికింది నీకు.

ఏంటీ, ఆ టీవీయా? కట్టకు, ఉండనియ్యి. ఆ అమ్మాయి ఇంకా దణ్ణం పెట్టలేదు.